కరెంటు లేని రోజుల్లో ఐస్‌క్రీమ్ ఎలా చేసేవారు? వాడిలాల్ కుటుంబ వ్యాపార చరిత్ర

ప్రశ్న:
అహమ్మదాబాదులో వాడిలాల్ గాంధీ 1907లో పెట్టిన సోడా దుకాణమే నేటి వాడిలాల్ ఐస్‌క్రీమ్ సంస్థకు మొదలని చదివాను. ఫ్రిజ్‌లు లేని ఆ కాలంలో, అందులోనూ గుజరాతు ఎండల్లో, పాలను ఎలా గడ్డకట్టించేవారు? ఆ చిన్న దుకాణం తరాలు దాటి ఎలా నిలిచింది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
అప్పట్లో చేతితో తిప్పే ‘కోఠీ’ వాడేవారు. చెక్క పీపాలో లోహపు డబ్బా నిలబెట్టి, చుట్టూ ఐసు ముక్కలు, ఉప్పు దట్టించి, డబ్బాలో చక్కెర కలిపిన పాలు పోసి పిడి తిప్పేవారు. ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీల కంటే బాగా దిగువన కూడా కరుగుతూనే ఉంటుంది. అలా కరగడానికి కావలసిన వేడిని అది పాల నుంచే లాక్కుంటుంది కనుక పాలు గడ్డకడతాయి. తిప్పడం ఆపితే మాత్రం మంచు పలుకులు పెద్దవై నాలుకకు గరుకుగా తగులుతాయి. ఆ మెత్తదనమంతా తిప్పేవారి ఓపికలోనే ఉండేది.

జవాబు 2:
రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. వాడిలాల్ గారి కుమారుడు రణఛోడ్‌లాల్ 1926లో ఐస్‌క్రీమ్ దుకాణం తెరిచి, జర్మనీ నుంచి యంత్రం తెప్పించారు. నా దృష్టిలో ఈ కుటుంబ చరిత్రలో అన్నింటికన్నా సాహసమైన నిర్ణయం ఇదే, ఎందుకంటే కోఠీతో చేసినంతకాలం మనిషి రెక్కల బలాన్ని మించి అమ్మకం పెరగదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి నగరంలో వారికి నాలుగు దుకాణాలు ఉండేవి. తరువాత ఆయన కుమారులు రామచంద్ర, లక్ష్మణ్ పగ్గాలు అందుకున్నారు. పాశ్చాత్య పద్ధతిలో ఐస్‌క్రీమ్‌కు గుడ్డు వాడటం మామూలే కనుక, తమది పూర్తిగా శాకాహారమనీ, ఉపవాసం నాడు కూడా తినవచ్చనీ వారు చేసిన ప్రచారం గుజరాతీ ఇళ్ల తలుపులు తెరిచింది.

జవాబు 3:
కోఠీ పద్ధతిని కళ్లారా చూడాలనుకునేవారికి ఒక మాట. మన హైదరాబాదులో, 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టులోని పాత ఐస్‌క్రీమ్ దుకాణాలు పేరు తెచ్చుకున్నది చేతితో తిప్పిన పండ్ల ఐస్‌క్రీమ్‌తోనే. వాటిలో ‘ఫేమస్’ అనే పేరున్న దుకాణం 1951 నాటిది. సీతాఫలాల కాలంలో వెళ్లండి. గింజలు తీసిన గుజ్జు పలుకులు పలుకులుగా నోటికి తగులుతుంది.