డీ అండ్ డీ: మూడేళ్ల ఆట మధ్యలో 2024 రూల్స్‌కి మారాలా?

బ్రాడీపేట డాబా:
మాది గుంటూరు. ఐదుగురం ఆదివారం సాయంత్రాలు మా డాబా మీద డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కథ ఆడే ఆట) ఆడతాం, కథ నడిపే డంజన్ మాస్టర్‌ని నేనే. 2014 రూల్స్‌తో మొదలుపెట్టిన కథకి మూడేళ్లు నిండాయి, అందరూ తొమ్మిదో లెవెల్లో ఉన్నారు. మా బావ 2024 రూల్స్ ఉన్న కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొని తెచ్చిపెట్టాడు. 384 పేజీలు, బొమ్మలు చూస్తేనే కడుపు నిండిపోతుంది. అప్పట్నుంచీ డాబా మీద ఒకటే పంచాయితీ.

గొడవంతా పలాడిన్ (దైవబలంతో పోరాడే యోధుడు) ఆడే మావాడిది. పాత రూల్స్‌లో ఒకే టర్న్‌లో రెండు దెబ్బలు తగిలితే, స్లాట్లు (మంత్రాలకి ఉండే కోటా) ఉన్నంతవరకు రెండింటికీ డివైన్ స్మైట్ (దెబ్బకి తోడయ్యే దైవశక్తి) కలిపేవాడు. ఇప్పుడది బోనస్ యాక్షన్ (టర్న్‌లో అసలు యాక్షన్ కాక ఒక్కసారే దొరికే చిన్న పని) తినే స్పెల్ (మంత్రం) అయింది, అంటే టర్న్‌కి ఒక్కటే. "మూడేళ్లు బాదంపప్పు పెట్టి మేపిన పుంజుకి, బరిలో దిగే ముందు కత్తి విప్పేశార్రా" అని వాడి ఏడుపు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే మా చెల్లికి మాత్రం పండగే. స్నీక్ అటాక్ అనే దొంగదెబ్బలో, దెబ్బ బలం తేల్చే పాచికల్లో ఒకటి వదులుకుంటే ఎదుటోణ్ణి కింద పడేసే అవకాశం వచ్చింది.

పోషన్ (గాయాలు మాన్పే మందు లాంటిది) తాగడం బోనస్ యాక్షన్ చేశారు, మేం మొదట్నుంచీ అలాగే ఆడుతున్నాం. ‘రేస్’ తీసేసి ‘స్పీషీస్’ అన్నారు. మేం తెలుగులో ఆడతాం, అదీ జాతే, ఇదీ జాతే!

మొత్తం మారిపోమంటారా, సగం సగం కలిపి ఆడొచ్చా?

పటమట ఫైటర్:
మేం మధ్యలోనే మారాం అన్నా. పాత్రలు మార్చుకోడానికి ఒక్క సాయంత్రం పట్టింది, అది సమస్యే కాదు. అసలు తలనొప్పి వెపన్ మాస్టరీ, అంటే ఆయుధానికో ప్రత్యేక విద్య. నేను మాల్ (పెద్ద సుత్తి) పట్టుకున్నాను, దానికి టాపుల్ (పడగొట్టే విద్య) ఉంది. తగిలిన ప్రతిసారీ శత్రువు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో తట్టుకోడానికి పాచిక) వెయ్యాలి, ఓడితే పడిపోతాడు. వినడానికి బాగుంటుంది. ఎనిమిది మంది గాబ్లిన్లతో ఒక్క యుద్ధం రెండు గంటలు సాగింది, బయటికొచ్చేసరికి పునుగుల బండి కట్టేశారు. ఇప్పుడు ఆ సేవ్ పాచిక కూడా నన్నే వెయ్యమంటాడు మా మాస్టర్. కాస్త నయం.

కొత్తపేట పాత కాపు:
పాత పుస్తకం పేజీలేమైనా ఊడిపోయాయా? అందరూ తలా ఒకటి కొనాలంటే దండగ. కొత్త రూల్స్‌లో ముఖ్యమైన భాగం ఎస్‌ఆర్‌డీ 5.2 (రూల్స్ సారాంశం పత్రం) పేరుతో 2025 ఏప్రిల్‌లో ఉచితంగా పెట్టారు. అందులో ఒక్కో క్లాస్‌కి (పలాడిన్, రోగ్ లాంటి పాత్ర రకం) ఒక్క సబ్‌క్లాస్ (దానిలో ఒక శాఖ) మాత్రమే ఉంటుంది. కావాల్సిన పేజీలు జిరాక్స్ తీయించి పంచండి, ముందు రుచి చూడండి.

మొగల్రాజపురం:
మీ పలాడిన్‌కి పోయినవే కనిపిస్తున్నాయి. రోజుకో స్మైట్ స్లాట్ ఖర్చు లేకుండా వస్తుంది. ఫైండ్ స్టీడ్ (గుర్రాన్ని రప్పించే స్పెల్) కూడా రోజుకోసారి ఉచితం, ఐదో లెవెల్ నుంచే. లే ఆన్ హ్యాండ్స్‌కి (చేత్తో తాకి గాయం మాన్పడానికి) యాక్షన్ పోదు, బోనస్ యాక్షన్ చాలు. కాకపోతే స్మైట్ కొట్టిన టర్న్‌లో అది కుదరదు. అక్కడ మాత్రం వాడి ఏడుపులో న్యాయం ఉంది.

బ్రాడీపేట డాబా:
అందరికీ థ్యాంక్స్. ఎస్‌ఆర్‌డీ పేజీలు జిరాక్స్ తీయించి నిన్న ఆడి చూశాం. మధ్యలో కరెంటు పోతే ఫోన్ లైట్ల వెలుగులో పాచికలు వేసుకున్నాం. ఇప్పుడున్న గుహ అయ్యేదాకా పాత రూల్సే, బయటికి రాగానే అందరం కొత్తవాటికి మారతాం. స్మైట్‌కి మాత్రం మా ఇంటి రూల్ పెట్టుకున్నాం: టర్న్‌కి ఒక్కటే, కానీ బోనస్ యాక్షన్ అక్కర్లేదు. మావాడు ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. గుర్రానికి మాత్రం అప్పుడే ‘మిర్చి’ అని పేరు పెట్టేశాడు.