ఫా-జియా: న్యాయవాదమా, ధర్మవాదమా, చట్టవాదమా?

ప్రశ్న

ప్రాచీన చైనా తాత్వికుల మీద తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నాను. కన్ఫ్యూషియస్, లావ్ జి దాకా బాగానే సాగింది. చైనా భాషలో ఫా-జియా, ఇంగ్లీషులో ‘లీగలిజం’ అంటారే, అక్కడ ఆగిపోయాను. న్యాయవాదం అని రాస్తే, మా చెల్లెలు చదివి “చైనాలో లాయర్లకి విడిగా ఒక తత్వం ఉండేదా అక్కా?” అంది. మరి ధర్మవాదం అనవచ్చా? తెలిసినవారు చెప్పండి.

జవాబు

మీ చెల్లెలు సరిగ్గానే పట్టుకున్నారండీ. న్యాయవాది అంటే ఇవాళ మనకి వకీలే. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దర్శనాల్లో న్యాయం అంటే గౌతముడి తర్కశాస్త్రం. కాబట్టి దర్శనాలతో పరిచయం ఉన్న పాఠకుడు న్యాయవాదం అనగానే వీళ్లెవరో తార్కికులనుకుంటాడు. చైనాలో ఆ పని చేసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లది మింగ్-జియా, అంటే పేర్ల గురించి వాదించినవాళ్ల ఇల్లు. ‘తెల్ల గుర్రం గుర్రం కాదు’ అని వాదించిన గొంగ్‌సున్ లొంగ్ ఆ ఇంటివాడే.

ఇల్లు అన్న మాట ఊరికే వాడలేదు. జియా అంటే ఇల్లు, కుటుంబం. హాన్ వంశ చక్రవర్తి కొలువులో ఉన్న సీమా తాన్ (మరణం క్రీ.పూ. 110) తనకు ముందున్న ఆలోచనాపరులను ఆరు ఇళ్లకింద విడదీశాడు: యిన్-యాంగ్, రూ, మో, మింగ్, ఫా, దావ్. ఆ వ్యాసాన్ని ఆయన కొడుకు సీమా చియెన్ తన పెద్ద చరిత్ర గ్రంథం చివరి అధ్యాయంలో పొందుపరిచాడు. మనకి ఇంటిపేర్లు ఉన్నట్టే అనుకోండి. కాకపోతే వీటిలో చాలావరకు తర్వాతివాళ్లు తగిలించిన ఇంటిపేర్లు. రూ వాళ్లు (మనం కన్ఫ్యూషియస్ అనుచరులంటాం), మో వాళ్లు (మో జి అనుచరులు) నిజంగానే గురుశిష్యుల బృందాలుగా బతికారు. ఫా ఇంటివాళ్లుగా చెప్పుకునే షాంగ్ యాంగ్, షెన్ బుహాయ్, హాన్ ఫే అలా కాదు. ముగ్గురూ ఒక గురువు దగ్గర కూర్చున్నవాళ్లు కారు, ఒక కాలంవాళ్లు కూడా కారు. మొదటి ఇద్దరూ పోయిన నూరేళ్ల తర్వాత, క్రీ.పూ. 233లో హాన్ ఫే చనిపోయాడు. ‘వాదం’ అని రాసేటప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంలోనైనా చెప్పండి. లేకపోతే పాఠకుడు అదొక సంఘం అనుకుంటాడు.

ఇక అసలు మాట ‘ఫా’. దీన్ని చట్టం అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు మొదట్లో ఇష్టం ఉండేది కాదు. ఎందుకంటే ఫా అంటే ప్రమాణం, నమూనా, పద్ధతి కూడా. మో జి పేరుతో ఉన్న గ్రంథంలో ఫా గురించే ఒక అధ్యాయం ఉంది. అక్కడ ఉదాహరణలన్నీ పనివాళ్లవే. చతురస్రానికి మూలమట్టం, గుండ్రానికి కంపాస్, తిన్నని గీతకి తాడు, నిలువు చూడటానికి దారానికి కట్టిన గుండు. నేర్పరైన పనివాడికీ, అంతగా పనిరాని వాడికీ ఈ కొలతలే ఆధారం, మరి రాజ్యం నడిపేవాడికి ఏది ఆధారం అని అడుగుతాడు. నాకు ఆ ప్రశ్న చాలా ఇష్టం.

హాన్ ఫే చేతిలో కూడా అదే తాడు కనిపిస్తుంది: ‘ఫా గొప్పవాడి ముఖం చూడదు, తాడు వంకర కర్రకోసం వంగదు.’ తిన్నగా గీత వేయడానికి వడ్రంగి పట్టే తాడు అది. రాజులు ఎక్కువమంది మహానుభావులూ కారు, పరమ దుర్మార్గులూ కారు, మామూలు మనుషులు, అలాంటివాళ్లు కూడా రాజ్యం నడపగలగాలంటే చేతిలో కొలత ఉండాలి అన్నది ఆయన పట్టుదల. అందుకే ధర్మవాదం వద్దంటాను. ధర్మం అనగానే మనకి రాజు మంచితనం, అశోకుడి శాసనాలు గుర్తొస్తాయి. హాన్ ఫే రాజు మంచితనాన్ని నమ్ముకోవద్దు అన్నవాడు.

ధర్మం అన్న ఆలోచన మీకు ఎలా వచ్చిందో ఊహించగలను. బౌద్ధ గ్రంథాల్లోని ధర్మం అన్న మాటకి చైనా అనువాదకులు ఎంచుకున్నది ఈ ఫానే. అక్కడ అది సరిపోయింది. వెనక్కి తిప్పితే సరిపోదు.

ఇంకో జవాబు

పై జవాబుకి చిన్న చేర్పు. లావ్ జి చెప్పిన ‘దావ్’ అన్న మాటని ‘మార్గం’ అని రాశారా అండీ? రాసి ఉంటే మీకు తోడు హ్యూయెన్‌త్సాంగ్ ఉన్నాడు. మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లినవాడే. లావ్ జి గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చమని 647లో తాంగ్ చక్రవర్తి ఆయనకి పని అప్పగించాడు. దావ్‌కి ‘బోధి’ అని పెట్టమని దావ్ పండితులు పట్టుబట్టారు. ఆయన ఒప్పుకోలేదు. అది మార్గమే అన్నాడు.

మరో జవాబు

మా నాన్న వడ్రంగి. నేను చైనా తత్వం చదువుకోలేదు కానీ, మూలమట్టం అన్న మాట కనబడగానే ఆగలేకపోయాను. మా ఇంట్లో చట్టం అంటే ముందు కర్రే. కిటికీ రెక్క చుట్టూ బిగించే కర్రలు చట్టం, పటానికి కట్టేదీ చట్టమే. నాలుగు మూలలూ మూలమట్టానికి సరిపోకపోతే నాన్న మొత్తం విప్పేసేవారు. అది ఎవరింటి కిటికీ అని చూసేవారు కాదు. మీరు చెప్పిన ఫాలో కొలత, శాసనం రెండూ ఉంటే, మన చట్టంలోనూ ఆ రెండూ ఉన్నాయి కదండీ?

మొదట జవాబిచ్చినవారు

ఉన్నాయండీ. ఇన్నేళ్లుగా ఈ మాట వాడుతూ కర్ర సంగతి తట్టనే లేదు. బ్రౌన్ నిఘంటువులో కూడా ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. మీ మాటతో నా అయిష్టం పోయింది. మీ కిటికీ చట్టానికి జతగా ఒక వస్తువు చెబుతాను. షాంగ్ యాంగ్ క్రీ.పూ. 344లో చేయించిన కంచు కొలపాత్ర ఒకటి షాంఘై మ్యూజియంలో ఉంది. మన గిద్దె, సోల లాంటిదే, కాకపోతే పలకలుగా ఉంటుంది. క్రీ.పూ. 221లో చైనా అంతా ఒక్కటయ్యాక దాని మొదటి చక్రవర్తి తన ఆజ్ఞను అదే పాత్ర మీద చెక్కించాడు. కొలతా శాసనమూ ఒకే కంచు మీద ఉన్నాయి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. ‘చట్టవాదం’ అనే పెడుతున్నాను. మొదటిసారి వచ్చినచోట ఫా-జియా అని కూడా రాసి, కింద తాడు గురించి హాన్ ఫే అన్న మాట, ఆ కిటికీ రెక్క సంగతి చేరుస్తాను. దావ్ దగ్గర నేను ‘తత్త్వం’ అని రాసి ఉన్నాను. ఈ రాత్రికే మార్గం అని మారుస్తాను.