గద్వాల కుంభం అంచు చూసి గీసిన బొంత బ్లాకు: కొలతలు ఎలా రాయాలి, నలుగురితో ఎలా పంచుకోవాలి?

ప్రశ్న (నల్లగొండ నుండి)

అందరికీ నమస్కారం. గద్వాల చీర అంచులో వరుసగా నిలిచే కుంభం కోణాలను, అంటే గుడి గోపురంలాంటి త్రికోణాలను, అతుకుల బొంతలోకి తీసుకురావాలన్న కోరికతో నేనొక బ్లాకును (బొంతంతటా మళ్ళీ మళ్ళీ వచ్చే చదరపు ముక్కను) గీశాను. గళ్ళ కాగితం మీద అడ్డానికి అయిదు, నిలువుకు అయిదు గళ్ళు తీసుకుని, నడుమ ఉన్న తొమ్మిదింటిని కలిపి ఒకే పెద్ద చతురస్రంగా ఉంచాను. దాని నాలుగు వైపులా మూడేసి గళ్ళు వస్తాయి. వాటిలో ప్రతి గడినీ మూల నుండి మూలకు రెండు త్రికోణాలుగా విడదీసి, నడుమ చతురస్రాన్ని ఆనుకున్న సగానికి ముదురు రంగు, బయటి సగానికి లేత రంగు వేశాను. కోణాలన్నీ ఒకే దిశలో చతురస్రం చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. నాలుగు మూలల గళ్ళలో సాదా బట్ట ఉంటుంది. నడుమ చతురస్రంలో పోచంపల్లి చిటికి (ఇకత్) బట్టలోని ఒక పువ్వును గానీ, నారాయణపేట గళ్ళను గానీ చెక్కుచెదరకుండా నిలపాలన్నది నా ఆలోచన.

ఇంకా బట్ట కత్తిరించలేదు. ఎక్కువ బ్లాకులు 12 అంగుళాల కొలతతో ఉంటాయి కనుక నేనూ అదే అనుకున్నాను. ఇతరులు తమ ఇంట్లో ఉన్న బట్టతో కుట్టుకోగలిగేలా దీన్ని ఎలా రాసి పెట్టాలో చెప్పగలరు. అంతకన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మరొకటి ఉంది. అంచు నేతగాళ్ళది, త్రికోణాల వరుస ఎందరో ఇంతకుముందే కుట్టినది. అలాంటప్పుడు ఈ బ్లాకును నాదని చెప్పుకోవచ్చునా?

జవాబు (గద్వాల నుండి)

అక్కా, నమస్తే. మా ఊరి అంచు మీ కాగితం మీదికి చేరినందుకు సంతోషం. ముందుగా కొలత సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అయిదు గళ్ళ బ్లాకుకు 12 అంగుళాలు పొసగవు. 12ను 5తో భాగిస్తే గడికి 2.4 అంగుళాలు వస్తుంది. మన టేపు మీద అంగుళానికి ఎనిమిది గీతలే ఉంటాయి కనుక ఆ కొలత ఏ గీత మీదా పడదు. బ్లాకును 10 అంగుళాలకు తగ్గిస్తే గడి సరిగ్గా 2 అంగుళాలు అవుతుంది, కత్తిరింపు తేలికవుతుంది.

ఇక బొంత బ్లాకుల్లో కుట్టు కోసం ప్రతి వైపునా పావు అంగుళం బట్ట వదులుతారు. కాబట్టి మూలల సాదా గళ్ళను 2.5 అంగుళాలకు, నడుమ చతురస్రాన్ని 6.5 అంగుళాలకు కత్తిరించాలి. త్రికోణాల గళ్ళకు లెక్కప్రకారం 2 అంగుళాలకు ఏడు ఎనిమిదో వంతులు కలిపి, అంటే 2.875 అంగుళాల చతురస్రాలు సరిపోతాయి. కానీ నా సలహా 3 అంగుళాలకు కత్తిరించమని. లేత చతురస్రాన్ని, ముదురు చతురస్రాన్ని మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, మూల నుండి మూలకు గీత గీసి, గీతకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, ఆ గీత మీద కోస్తే ఒకేసారి రెండు గళ్ళు వస్తాయి. వాటిని ఇస్త్రీ చేసి, కుట్టు సరిగ్గా మూలల్లోంచి పోయేలా చూసుకుంటూ 2.5 అంగుళాలకు సవరించుకోవచ్చు. ఒక్క బ్లాకుకు పన్నెండు త్రికోణపు గళ్ళు కావాలి కనుక ఆరు లేత, ఆరు ముదురు చతురస్రాలు చాలు.

పావు అంగుళం గురించి ఇంత పట్టుబట్టడానికి మీ బ్లాకులోనే ఒక కారణం ఉంది. నడుమ చతురస్రం ఒకే ముక్క, దాని పక్కన నిలిచే వరుస మాత్రం మూడు గళ్ళను రెండు కుట్లతో కలిపినది. రవికలు కుట్టే అలవాటున్న చేయి సీము దగ్గర కొంచెం ఎక్కువ బట్ట వదులుతుంది. ప్రతి కుట్టులోనూ ఒక్కో వైపు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయినా, రెండు కుట్లకు కలిపి పావు అంగుళం తగ్గుతుంది. 6.5 అంగుళాలు ఉండవలసిన వరుస 6.25 అవుతుంది, నడుమ ముక్క మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు సాగదీసి కలపవలసి వస్తుంది, బ్లాకు నడుమ ఉబ్బుతుంది. అందుకని మీ రాతలో, వరుసను అతకక ముందే 6.5 అంగుళాలు ఉందో లేదో కొలుచుకోమని స్పష్టంగా రాయండి.

మరొక్క మాట, నాకు మీ గీతలో బాగా నచ్చిన దాని గురించి. బ్లాకు ఒంటరిగా ఎలా ఉందన్నది సగం విషయమే, నాలుగు పక్కపక్కన చేరినప్పుడు ఏం కనిపిస్తుందన్నది మిగతా సగం. నేను మీ గీతను కాగితం మీద పక్కపక్కన వేసి చూశాను. అన్నీ ఒకే తీరుగా పెడితే రెండు బ్లాకులు కలిసే చోట లేత సగాలు జతకట్టి ఏటవాలు పలకలుగా మారుతున్నాయి. కుంభం కనిపించడం లేదు. ఒక బ్లాకును మీరు గీసినట్టే ఉంచి, పక్క బ్లాకును అద్దంలో చూసినట్టు తిప్పి గీస్తే, కలిసే చోట రెండు లేత సగాలు కలిసి 4 అంగుళాల పీఠం, 2 అంగుళాల ఎత్తు ఉన్న పూర్తి త్రికోణం అవుతుంది. అదే కుంభం! చదరంగపు పలక మీది గళ్ళలా ఈ రెండు తీరులను మార్చి మార్చి పెడితే చాలు. త్రికోణపు గళ్ళను తిప్పి అతికితే సరిపోతుంది కనుక రెండో తీరు బ్లాకుకు వేరే కత్తిరింపు అక్కరలేదు. నాలుగు బ్లాకుల మూలలు కలిసే చోట సాదా గళ్ళు కూడా 4 అంగుళాల చతురస్రంగా ఏర్పడతాయి. 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉన్న బొంతకు 48 బ్లాకులు కావాలి, ఒక్కో తీరులో 24.

జవాబు (దేవరకొండ నుండి)

కొలతల గురించి పై జవాబులో చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. బట్ట గురించి చెబుతాను. చేనేత నూలు బట్టను మూల నుండి మూలకు కోస్తే ఆ అంచు సాగుతుంది, ఎందుకంటే అక్కడ పడుగు గానీ పేక గానీ అంచు వెంట నిలబడదు. కత్తిరించక ముందు బట్టను ఒకసారి ఉతికి, పలుచని గంజి పెట్టి, ఆరిన తర్వాత ఇస్త్రీ చేస్తే త్రికోణాలు నిలకడగా ఉంటాయి. కుట్టిన తర్వాత ఇస్త్రీ పెట్టెను లాగకుండా, ఎత్తి ఎత్తి పెట్టాలి. ముదురు ఎరుపు, నలుపు, నీలం బట్టలను తడిపి తెల్లని గుడ్డ మీద పెట్టి రంగు దిగుతుందో లేదో చూడకుండా వాడవద్దు.

గద్వాల చీరకు నూలు ఒడలు, పట్టు అంచు ఉంటాయి. పాత చీర అంచునే కోసి నడుమ ముక్కగా పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, నూలు, పట్టు ఉతుకులో ఒకేలా ప్రవర్తించవని గుర్తుంచుకోవాలి. రోజూ కప్పుకునే బొంతకు అన్నీ నూలు బట్టలే మేలు. గోడకు వేలాడదీసే దానికైతే అభ్యంతరం లేదు.

పోచంపల్లి చిటికి విషయంలో మాత్రం మీ ఆలోచన సరైనదే. నూలును కట్టి అద్దిన తర్వాత నేస్తారు కనుక ఆ పువ్వు అంచులు సన్నగా చెదిరినట్టుంటాయి. అదే దాని అందం. దాన్ని చిన్న త్రికోణాల్లోకి కోస్తే పువ్వూ పోతుంది, కోణమూ పదునుగా కనిపించదు. 6 అంగుళాల నడుమ గడిలో నిండుగా నిలిస్తే చుట్టూ ఉన్న సాదా రంగు కోణాలు మరింత స్పష్టమవుతాయి. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే చిటికి బట్ట రంగులైన ఎరుపు, నలుపు, తెలుపులతో కూడా ఈ బ్లాకు బాగుంటుందని నా నమ్మకం. రంగులు నిర్ణయించుకోలేకపోతే, ముక్కలను పరచి ఫోన్‌తో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఎరుపు, ఆకుపచ్చ వేర్వేరు రంగులే అయినా ఫొటోలో ఒకే బూడిద రంగుగా కనిపిస్తే కుంభం మాయమవుతుంది.

మీ చివరి ప్రశ్నకు నా జవాబు ఇది. మా ప్రాంతపు తండాల్లో లంబాడా స్త్రీలు అద్దాలతో పాటు త్రికోణపు గుడ్డముక్కలను అంచులుగా కుట్టడం నేను చిన్ననాటి నుండి చూస్తున్నాను. అమెరికా బొంతల్లోనూ రంపపు పళ్ళలాంటి ఈ త్రికోణాల వరుసలు చాలా పాతవి. త్రికోణం ఎవరిదీ కాదు. కానీ ఈ అయిదు గళ్ళ అమరిక, నడుమ ముక్కకు మీరిచ్చిన చోటు మీ ఆలోచనే, కనుక మీ పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు. దేన్ని చూసి గీశారో కూడా చెప్పడం మర్యాద.

జవాబు (మహబూబ్‌నగర్ నుండి)

చట్టం గురించి కొంత చెప్పవలసి ఉంది. పంచుకోవడానికి ముందే తెలుసుకోవలసిన విషయం ఇందులో ఒకటుంది. మీరు గీసిన బొమ్మకు, రాసిన సూచనలకు 1957 నాటి కాపీరైట్ చట్టం కింద రక్షణ గీసిన క్షణం నుండే ఉంటుంది, నమోదు తప్పనిసరి కాదు. అయితే నమోదుకు అర్హమైన డిజైనును నమోదు చేయకుండా, యజమాని గానీ ఆయన అనుమతితో మరొకరు గానీ పరిశ్రమ పద్ధతిలో 50 కన్నా ఎక్కువ వస్తువులపై వేస్తే ఆ డిజైనులో కాపీరైట్ ఉండదని అదే చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే మొదట 10 ఏళ్ళు, పొడిగిస్తే మరో 5 ఏళ్ళు రక్షణ దొరుకుతుంది. కానీ దరఖాస్తుకు ముందే డిజైను బయటపడితే అది కొత్తదిగా లెక్కకు రాదు. కాబట్టి బొంతలను పెద్ద ఎత్తున అమ్మే ఉద్దేశం ఉంటే ముందు దరఖాస్తు చేసి తర్వాత బయటపెట్టాలి. ఇంట్లో కుట్టుకునేవారి కోసమే అయితే ఇవేవీ మిమ్మల్ని ఆపవు.

మరొకటి పేరు సంగతి. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, తేలియా రుమాలు, ఇవన్నీ జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు వాడాలన్న చట్టపరమైన) గుర్తింపు పొందిన నేతలు. నేతగాళ్ళ దగ్గర కొన్న బట్టను కోసి బొంత కుట్టడానికి అది అడ్డు కాదు. కానీ మిల్లు బట్టతో కుట్టిన బొంతకు ఆ పేరు తగిలించి అమ్మడం నేతగాళ్ళకు అన్యాయం, చట్టానికీ విరుద్ధం. బ్లాకుకు వేరే పేరు పెట్టి, కుంభం అంచు చూసి గీసినదని కింద రాయడమే సరైన పద్ధతిగా నాకు తోస్తున్నది.

ప్రశ్న అడిగినవారి స్పందన (నల్లగొండ నుండి)

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. బ్లాకును 10 అంగుళాలకు మార్చి, రెండు తీరులలోనూ మళ్ళీ గీశాను. పక్క బ్లాకును తిప్పితే కుంభం పూర్తవుతుందన్న సూచన నా గీతకు ప్రాణం పోసింది, కనుక సూచనల్లో ఆ మార్పును గద్వాల అక్క చెప్పినదిగానే రాస్తాను. అమ్మే ఆలోచన నాకు లేదు. ఎవరైనా కుట్టుకోవచ్చునని, కుట్టిన బొంతను బహుమతిగా ఇవ్వవచ్చునని, గీతను మాత్రం తమ పేరుతో అమ్మవద్దని పైన ఒక వాక్యం చేరుస్తాను. పేరు "కుంభవరుస" అని పెట్టాను.

ఒక పుటలో రంగులు లేని గీత ఉంటుంది, ఎవరి బట్టకు తగినట్టు వారు రంగులు నింపుకోవచ్చు. రెండో పుటలో కత్తిరింపు కొలతలు, కుట్టే వరుస ఉంటాయి. అందరికీ ఇవ్వడానికి ముందు నన్ను అడగకుండా, కేవలం ఆ రెండు పుటలు చూసి, ఇద్దరు తమ బట్టతో ఒక్కో బ్లాకు కుట్టి చూస్తే ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది. దేవరకొండ, మహబూబ్‌నగర్ వారికి వీలైతే పంపుతాను. కుట్టినప్పుడు త్రికోణాల వరుస పొడవు ఎంత వచ్చిందో, పూర్తయిన బ్లాకు కుట్టు బట్టతో కలిపి 10.5 అంగుళాలు ఉందో లేదో దయచేసి ఇక్కడ రాయండి.