సమస్య (ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి): “గీత గీయఁగ మాయమౌ గీతలెల్ల”

ఛందస్సు తేటగీతి. విషయం ఫైబర్‌గ్లాస్ (రెజిన్ అనే జిగురుతో గట్టిపరచిన గాజు నార) కారు ప్యానెల్ మీద పడ్డ గీతలు. 1953 నాటి షెవర్లే కార్వెట్ కారుదీ ఇలాంటి బాడీయే. రేకు కాదు కనుక సొట్ట పడదు, తుప్పు పట్టదు. గీతలు పడతాయి, పగుళ్లు వస్తాయి. పద్యంలో చెప్పినట్టు చేస్తే ప్యానెల్ నిజంగా బాగుపడాలి, అదొక్కటే షరతు.

పూరణ 1

ముతక పేపరు రుద్దాక మొదట, పిదప
సన్న పేపరు నీళ్లతో సాగుచుండ,
పాత గీతల నణగింపఁ బలుచనైన
గీత గీయఁగ మాయమౌ గీతలెల్ల.

సమీక్ష: గీత గీస్తే గీతలు పోవడమనే విరోధాన్ని సూటిగా విప్పారు. 800 నంబరు ఇసుక పేపరు (నంబరు పెరిగేకొద్దీ సన్నం) గీతను 1200, దాని గీతను 2000 చెరిపేస్తాయి. మిగిలిన సన్నగీతలు కాంపౌండ్‌తో, అంటే మెరుగుపెట్టే ముద్దతో పోతాయి. పేపరు మార్చినప్పుడల్లా రుద్దే దిక్కు కూడా మార్చాలి, అప్పుడే పాత గీత మిగిలిందో లేదో తెలుస్తుంది. ‘అణగింపఁ బలుచనైన’ పక్కన ‘రుద్దాక’ వాడుక మాటే అయినా నాకు అభ్యంతరం లేదు. కానీ గీత మీద గోరు ఆగితే ఈ పద్యం చాలదండీ. పైనున్న జెల్‌కోటు, అంటే నార మీది రెజిన్ పైపూత, మందం సుమారు అర మిల్లీమీటరే. రుద్దుతూ పోతే నార బయటపడుతుంది.

పూరణ 2

పగులు జెల్‌కోటు లోతుకుఁ బాకెనేని
వెడలుపుగ గాడి వాలుగా వేయవలెను;
నింపి రెజినును రుద్దగ నిగ్గుదేలు;
గీత గీయఁగ మాయమౌ గీతలెల్ల.

సమీక్ష: సన్నని పగులులోకి రెజిన్ సరిగా దిగదు, గాడి తీస్తేనే పట్టు దొరుకుతుంది. చిన్న గీతను పెద్ద గీతతో మాయం చేయడం భలే ఊహ! మూడో పాదమే తొందరపడింది. మామూలు పాలిస్టర్ జెల్‌కోటుకు గాలి తగిలితే పైపొర జిగటగానే ఉంటుంది. మైనం కలిపిన రకం వాడాలి, లేదా పైన ప్లాస్టిక్ షీటు పరచాలి. జిగట మీద రుద్దితే పేపరు పూడుకుపోతుంది. ఇలా మారిస్తే?

నింపి రెజినును గట్టిగా నిలువనిచ్చి

పూరించినవారు: సవరణ బాగుంది గురువుగారూ, తీసుకుంటున్నాను. గాడిని ముందు అసిటోన్‌తో తుడవాలన్నదీ చెబుదామనుకున్నా, పాదంలో పట్టలేదు.

పూరణ 3

పెన్సిలును బట్టి తలమెల్లఁ బెనచినట్లు
నిలువు నడ్డము గీసి పై మెల్ల రుద్ద,
పల్ల మెచ్చట నున్నదో పట్టిచూపు
గీత గీయఁగ మాయమౌ గీతలెల్ల.

సమీక్ష: మూడింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ‘పట్టిచూపు’ దగ్గర ఆగకుండా సమస్యా పాదంలోకి సాగిపోయింది. పెన్సిల్ గీత పోయిన చోట చదును, మిగిలిన చోట పల్లం. పేపరును చెక్కదిమ్మెకు చుట్టి రుద్దాలి. వేళ్లతో రుద్దితే పేపరు పల్లంలోకీ దిగి అక్కడి గీతను కూడా తుడిచేస్తుంది. రెండో పాదంలో యతి తప్పింది, ‘ని’కి ‘మె’ చెల్లదు. ‘నీట రుద్ద’ అంటే యతీ కుదురుతుంది, దుమ్మూ లేవదు. నార కనబడే చోట మాత్రం నీళ్లు వద్దు, గాజు నార వెంట తేమ లోపలికి పాకుతుంది. అక్కడ మాస్కు పెట్టుకుని పొడిగానే రుద్దాలి.

మరొకరు: అయ్యా, బఫింగ్ (తిరిగే ప్యాడ్‌తో మెరుగుపెట్టడం) గురించి ఎవరూ రాయలేదు. ప్యాడ్ ఒకేచోట ఆపితే జెల్‌కోటు వేడెక్కి మాడుతుంది. కందంలో రాయనా?

జవాబు: తప్పకుండా రాయండి. కానీ సమస్య పాదం తేటగీతి కదా, అందులోనే పంపండి.