సొంత పార్టీ సీనియర్ మీదే పోటీకి దిగడం న్యాయమేనా? (హోండా – ఖన్నా)

ఫ్రీమాంట్‌వాసి:
2001 నుంచి అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో ఉన్న మైక్ హోండాని 2016లో అదే డెమొక్రటిక్ పార్టీకి చెందిన రో ఖన్నా ఓడించాడు. ఇక్కడ సిలికాన్ వ్యాలీలో మనవాళ్లు మన ఇండియన్ గెలిచాడని సంబరపడ్డారు. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న కుటుంబాలని నిర్బంధించిన కొలరాడో క్యాంపులో పసితనం గడిపిన మనిషి హోండా. జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన ఆడవాళ్లకి ఆ దేశం క్షమాపణ చెప్పాలని 2007లో ప్రతినిధుల సభ చేత తీర్మానం చేయించాడు. 2004లో ఖన్నా, ఇరాక్ యుద్ధాన్ని సమర్థించిన సొంత పార్టీ సభ్యుడు టామ్ లాంటోస్ మీద నిలబడ్డాడంటే ఇరాక్ యుద్ధం అనే కారణమైనా ఉంది. హోండాతో విధానాల్లో అంత పెద్ద తేడా ఏముందండీ? టెక్ పెద్దల చందాలు తప్ప?

గోదారోడు:
గౌరవం వేరు, సీటు వేరు అన్నా. ఆఫీసు సిబ్బందిని ప్రచారానికి వాడుకున్నారన్న ఆరోపణ మీద హోండాపై సభ ఎథిక్స్ (నైతిక నియమాల) విచారణ నడిచింది కదా, అదెందుకు వదిలేశారు? మన దగ్గరైతే సిట్టింగ్ ఎమ్మెల్యేకి టికెట్ ఇవ్వాలా వద్దా అనేది అధినేత ఇంట్లో తేలుతుంది. బీఫామ్ చేతికొచ్చేదాకా ఎవరికీ నిద్రుండదు. ఇక్కడ కనీసం జనాన్ని అడుగుతున్నారు.

లెక్కలమాస్టారు:
ఏ జనాన్ని అన్నదే అసలు గొడవ. వీళ్లిద్దరూ మొదట తలపడిన 2014లో, జూన్ ప్రైమరీలో (నవంబరు అసలు ఎన్నికకి ముందు అభ్యర్థులని తేల్చే తొలి విడత) హోండాకి సుమారు 48 శాతం, ఖన్నాకి 28. పార్టీల వారీగా ప్రైమరీ జరిపే రాష్ట్రమైతే కథ అక్కడే ముగిసేది. కాలిఫోర్నియాలో 2012 నుంచి అన్ని పార్టీలవాళ్లకీ ఒకటే ప్రైమరీ. మొదటి ఇద్దరూ, ఒకే పార్టీవాళ్లయినా సరే, నవంబరు అసలు ఎన్నికకి వెళ్తారు. అప్పుడు రిపబ్లికన్లూ, ఏ పార్టీకీ చెందనివాళ్లూ ఈ ఇద్దరు డెమొక్రాట్లలోనే ఒకరిని ఎంచుకోవాలి. 2014 నవంబరులో హోండా గెలిచాడు గానీ తేడా నాలుగు శాతంలోపుకి దిగింది. 2016లో ప్రైమరీలోనే ఖన్నా కొద్దిగా ముందున్నాడు, నవంబరులో సుమారు 61 శాతం. కాబట్టి హోండాని సొంత పార్టీ ఓటరే దించేశాడని ఈ అంకెలు చూసి చెప్పలేం.

గోదారోడు:
61 శాతం రిపబ్లికన్ ఓట్లతోనే వస్తాయా మాస్టారూ, అదీ డెమొక్రాట్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, సన్నీవేల్‌లో? సొంతవాళ్లూ వేశారు.

ఫ్రీమాంట్‌వాసి:
సరే. ఖన్నా కూడా 2017 నుంచి అక్కడే కూర్చున్నాడు. రేపు ఎవరో కుర్రాడు ఆయన మీద నిలబడితే ఇదే మాట చెబుతావా?

గోదారోడు:
చెబుతా. ఎందుకు దిగుతున్నాడో చెప్పి మరీ దిగమనండి.