బేసి సంఖ్యలో సగం, పావు: శేషం దగ్గర తికమక

ప్రశ్న (నాలుగో తరగతి లెక్కలు)
8లో సగం, 12లో పావు అంటే పిల్లలు టక్కున చెప్పేస్తున్నారు. 7లో సగం అనగానే కొందరు "రాదు" అంటారు, కొందరు 3 అని ఊరుకుంటారు. ఇంకో చిక్కు: 39లో పావు కోసం సగం చేసి, మళ్ళీ సగం చేసి "9, శేషం 2" అంటున్నారు. 39ని 4తో భాగిస్తే శేషం 3 కదా! ఎక్కడ తప్పుతున్నారు?

సుద్దముక్క
39లో సగం 19, మిగిలింది 1. 19లో సగం 9, మళ్ళీ మిగిలింది 1. ఆ రెండు ఒకట్లూ కలిపేసి 2 అంటున్నారు. రెండోసారి 1 మిగిలింది ఒక్క వాటాలోనే. అలాంటి వాటాలు రెండున్నాయి కాబట్టి అక్కడ మిగిలేది 2. మొదటి 1 కలిపితే 3.

నోటితో చెబితే ఎక్కదండీ. 39 చింతగింజలు పోసి రెండు కుప్పలు పెట్టించండి, మిగిలిన గింజ పక్కన. తర్వాత ఒక్కదాన్నే కాదు, రెండు కుప్పల్నీ విడదీయించాలి. పక్కన చేరిన 3 గింజల్ని వాళ్ళే లెక్కపెడతారు.

కొలబద్ద
గింజలతో శేషం తెలుస్తుంది గానీ అర తెలియదు, గింజని ఎవరూ కోయరు. దానికి ఒకే కొలత కాగితం ముక్కలు 7 తీసుకోండి. ఇద్దరికీ మూడేసి, మిగిలినదాన్ని మడిచి చింపితే మూడున్నర. పావుకి ఆ మూడున్నరనే మళ్ళీ పంచాలి: 3లో సగం ఒకటిన్నర, అరలో సగం పావు, మొత్తం ఒకటీ ముప్పావు.

తప్పంతా చివరి మెట్టులోనే. ½ + ¼ అనగానే పైవి పైవి, కిందివి కిందివి కలిపి 2/6 రాస్తారు. అర ముక్క మీద రెండు పావు ముక్కలు పరిచి చూపించాకే కాగితం మీద కూడిక పెట్టండి.

70లో సగం దగ్గరా ఆగిపోతారు. 7 పదుల్లో చెరో 3 పదులు, మిగిలిన పదిలో చెరో 5, అంటే 35. ఇది రానిదే 37 జోలికి వెళ్ళొద్దు: 15, మూడున్నర కలిపి పద్దెనిమిదిన్నర.

ప్రశ్న అడిగినవారు
అయితే 39లో పావుకి శేషం రాయించాలా, ముప్పావు రాయించాలా?

సుద్దముక్క
అది లెక్కని బట్టి. 39 పెన్సిళ్ళు నలుగురికి పంచితే తలా 9, మిగిలేవి 3. 39 రూపాయలైతే తలా 9 రూపాయల 75 పైసలు. బెంచీకి నలుగురు చొప్పున 39 మందిని కూర్చోబెట్టాలంటే 10 బెంచీలు. మూడూ ఒకే రోజు, పక్కపక్కనే ఇవ్వండి. విడివిడిగా ఇస్తే ముందు రోజు పద్ధతే దించేస్తారు.

కొలబద్ద
దశాంశాలు మొదలయ్యాక శేషాన్నే చుక్క పక్కన పెట్టి 9.3 అంటారు, చూసుకోండి. 9 రూపాయల 30 పైసల్ని 4తో హెచ్చించమంటే 37 రూపాయల 20 పైసలే వస్తుంది. తక్కువైన 1 రూపాయి 80 పైసలు ఏమయ్యాయో వాళ్ళనే వెతకనివ్వండి.