కొట్టి కాల్చే చెట్టుకు కార్బన్ లెక్క చెల్లుతుందా?

గట్టుచెట్టు:
రెండెకరాల్లో అర ఎకరం పంటకు పనికిరాని నేల. అందులో చెట్లు వేసి ఏటా కొన్ని కొట్టుకుంటే ఇంటికి కట్టెలొస్తాయి, నా ట్రాక్టర్ పొగకు ప్రాయశ్చిత్తమూ అవుతుందనుకున్నాను. "కాల్చేదానికి కార్బన్ లెక్కేంట్రా అన్నయ్యా" అని మా తమ్ముడు ఒకటే నవ్వు. ఎవరిది రైటు?

లెక్కలపిచ్చి:
మీ తమ్ముడిదేనండీ. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. టన్ను కాలిస్తే సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మళ్లీ గాల్లోకి పోతుంది. చెట్టు పీల్చింది పొయ్యి వదిలేసింది, మీకు మిగిలింది బూడిద.

మోడుచిగురు:
ఒక్క చెట్టును చూస్తే అంతే. తోటను చూడండి. అర ఎకరాన్ని ఆరు ముక్కలు చేసి ఏడాదికొకటి కొడితే, ఎప్పుడు చూసినా మిగతా ఐదు నిలబడే ఉంటాయి. వాటిలో ఉన్న కార్బన్ నిలవే లెక్క. పైగా మోడు చావదు, వేళ్లు నేలలోనే ఉంటాయి. నేను సుబాబుల్‌ని జానెడు ఎత్తున ఏటవాలుగా కొట్టాను, వాన నీళ్లు మోడు మీద నిలవకుండా. చుట్టూ గుత్తులుగా పిలకలొచ్చాయి. బలమైనవి మూడు ఉంచి మిగతావి తీసేశాను. కాయ ముదరకముందే కొట్టాలి సుమా, లేకపోతే పొలమంతా అదే మొలుస్తుంది. సరుగుడుకి ఈ సుఖం లేదు. మోడు నుంచి సరిగా చిగురించదు, మళ్లీ నారు పెట్టుకోవాల్సిందే.

లెక్కలపిచ్చి:
నిలవ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆరేళ్లకు ఆ నిలవ ఒక మట్టానికి వచ్చి ఆగిపోతుంది. నిండిన తొట్టిలో ఇంకా నీళ్లు పట్టవు కదా! ట్రాక్టర్ ఏడో ఏడూ తిరుగుతుంది, లీటరు డీజిల్‌కు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున వదులుతూనే ఉంటుంది.

మోడుచిగురు:
నిజమే. ఆ తర్వాత లాభమంతా ఈ కట్టె దేని బదులు కాలుతోందన్న దాంట్లోనే. అడవిలో కొట్టుకొచ్చే కట్టెకో, బొగ్గుకో బదులైతే ఏటా లాభమే. ఉన్నవాటికి తోడు ఇంకో పొయ్యి వెలిగిస్తే ఏమీ లేదు.

పొయ్యిసెగ:
అందరూ కార్బన్ దగ్గరే ఆగారు. పొగ పీల్చేవాళ్ల మాటేంటి? ఇంట్లో గ్యాస్ ఉంటే వదిలేసి కట్టెలకు మళ్లొద్దు. తప్పదంటే పచ్చివి మాత్రం కాల్చకండి, వాటి బరువులో సగం దాకా నీళ్లే, సెగలో కొంత వాటిని ఆవిరి చేయడానికే పోతుంది. చీల్చి, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రం కప్పండి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఠంగుమనాలి. దబ్‌మంటే ఇంకా ఆరలేదు.

గట్టుచెట్టు:
మరి కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవచ్చంటున్నారు?

లెక్కలపిచ్చి:
ఒక క్రెడిట్ అంటే గాల్లోకి పోకుండా ఆపిన, లేదా గాల్లోంచి తీసిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. అర ఎకరానికి కొలతలు, తనిఖీల ఖర్చే మింగేస్తుంది. చాలామంది రైతులు కలిస్తేనే గిట్టుబాటు. క్రెడిట్ డబ్బు లేకున్నా ఎలాగూ వేసే చెట్లయితే అసలు లెక్కలోకే రావు. ఇంకోటి, అమ్మేశాక అదే టన్ను మీ ట్రాక్టర్‌కు చెప్పుకోకూడదు.

గట్టుచెట్టు:
సరే, తమ్ముడికి సగం ఒప్పుకుంటా. గట్టు వెంట రెండు వరసలు కొట్టకుండా వదిలేసి, మిగతాది కట్టెలకే. క్రెడిట్ల ఊసు వద్దు. సరుగుడు నారుకు చెప్పి పెట్టాను, ఇప్పుడే ఫోన్ చేసి ఆపమనాలి.